ఇసుక పీపా కింద

మా ఆయన లైల్ మా వీధిలో ఎవరి గ్యారేజీలోకి నీళ్ళొచ్చినా ఆపగలడు. మా గ్యారేజీలోకి వచ్చే నీళ్ళు మాత్రం ఆపడు. చేతకాక కాదు. ఆపడు, అంతే. ఈ మాట అన్నందుకు నన్ను గయ్యాళి అనుకునేవాళ్ళు అనుకోవచ్చు. వాళ్ళ గ్యారేజీల్లో నేల పొడిగా ఉండి ఉంటుంది.

వాన పడితే చాలు, వీధి నుంచి వాలుగా దిగే మా సిమెంటు వాకిలి మీదుగా నీళ్ళు జారుకుంటూ వచ్చి, గ్యారేజీ తలుపు కింద సందులోంచి దర్జాగా లోపలికి దూరతాయి. ముందుగా ఎడమ మూల నుంచి వస్తాయి, అక్కడ నేల పల్లం. తలుపు పడే చోటికి ఆనుకుని, ఆ మూలలో, చలికాలం మంచు మీద చల్లుకునే ఇసుకా ఉప్పూ కలిపి పోసిన పెద్ద ప్లాస్టిక్ పీపా ఒకటుంటుంది. నీళ్ళు ఆ పీపా చుట్టూ తిరిగి, కారు కిందుగా నడిచి, వెనక గోడ దగ్గరున్న డీప్‌ఫ్రీజర్ కాళ్ళు తడిపి ఆగుతాయి. నేను రబ్బరు అంచున్న పొడుగాటి కర్ర పుచ్చుకుని వాటిని బయటికి తోస్తాను. ఈ ఇంట్లో నా కాపురం సగం ఆ కర్రతోనే గడిచింది.

ఆ నేల పోసింది లైలే. మా కౌంటీలో రోడ్లు వేసే శాఖలో అతని ఉద్యోగం. మా అమ్మాయి మారిట్ పాకుతున్న ఏడాది వేసవిలో, ఊరందరి రోడ్లూ వాలు చూసి పోసే మనిషి, సొంత ఇంట్లో వాలు లోపలికి పోశాడు. ఆ మాట నేను వాన పడ్డప్పుడల్లా గుర్తు చేస్తాను. అతను "సరే మరి" అంటాడు. విస్కాన్సిన్ మగాళ్ళకి పెళ్ళికీ చావుకీ కూడా అదే మాట.

ఈ జూన్‌లో మారిట్ హైస్కూలు అయిపోతోంది. మా దగ్గర బడి చదువు అయినందుకు ఇచ్చే విందు గ్యారేజీలోనే పెట్టుకుంటాం. కారు వీధిలోకి పోతుంది, పనిముట్లు దుప్పటి కిందికి పోతాయి, బల్లలు వస్తాయి. పంది మాంసం పెట్టిన బన్నులు, బంగాళాదుంపల సలాడు, పిల్ల పుట్టినప్పటి నుంచీ తీసిన ఫొటోలు అంటించిన అట్టలు. ఆ నెలలో ప్రతి శనివారం ఊరంతా ఒక గ్యారేజీ నుంచి ఇంకో గ్యారేజీకి తిరుగుతుంది. ఎవరి నేల ఎలా ఉందో, ఎవరి గోడకి ఏ రంగు వేశారో, మర్నాడు చర్చి మెట్ల మీద తేలిపోతుంది. నాకున్నది ఒక్క కూతురు. ఆ పిల్లకి ఒక్క విందు. అది మా గ్యారేజీలో, పొడి నేల మీద జరగాలి. అంతకుమించి నేను ఎవర్నీ ఏమీ అడగలేదు.

మార్చిలో మంచు కరుగుతున్నప్పుడే లైల్‌తో చెప్పాను.

"తలుపు పడే చోట అడ్డంగా కాలవ కోసి, పైన ఇనుప జాలీ వేస్తే సరిపోతుందన్నావుగా. ఎప్పుడు కోస్తావు?"

"కోస్తాలే, ఆర్డిస్."

"కోస్తాలే అని ఎన్నేళ్ళ నుంచి అంటున్నావో నీకు గుర్తుందా?"

"విందు లోపు కోస్తా."

ఏప్రిల్‌లో కోశాడు. మా గ్యారేజీ ముందు కాదు, పక్కింటి గ్యారేజీ ముందు.

పక్కింట్లోకి కిందటి శరత్కాలంలో సోల్వీగ్ అనే ఆవిడ వచ్చింది. బడి బస్సు నడుపుతుంది. విడాకులు తీసుకున్న మనిషి. బస్సులో చివరి సీటు పిల్లల్ని అదిలించి అదిలించి గొంతు పెద్దదైంది, నవ్వు దానికంటే పెద్దది. ఆమె నవ్వితే మా వంటింట్లో గ్లాసులు వింటాయి. ఆమె గ్యారేజీలోకీ నీళ్ళొస్తున్నాయట. ఆ సంగతి నాతో చెప్పలేదు. మా వాకిట్లో కారు తుడుచుకుంటున్న లైల్‌తో చెప్పింది. నేను కిటికీలోంచి విన్నాను.

"నీ చేతిలో ఏదో మహిమ ఉందని అంటున్నారు లైల్. నా గ్యారేజీ ఒకసారి చూసి పుణ్యం కట్టుకోరాదూ?"

"చూడ్డానికేముంది, చూస్తా," అన్నాడు మా ఆయన. 'చూస్తాలే' కాదు, 'చూస్తా'. ఆ ఒక్క అక్షరం తేడా నా చెవికి పట్టుకుంది.

ఊరికే చూసొస్తానని వెళ్ళినవాడు సాయంత్రానికి తెల్లటి దుమ్ముతో, పిండి మూటలా తిరిగొచ్చాడు. మర్నాటికి ఆఫీసు నుంచి సిమెంటు కోసే రంపం అడిగి తెచ్చాడు. చక్రాల మీద నడిచే రంపం అది. ఆ శనివారం పొద్దుటి నుంచీ దాని రొద. రొద ఆగినప్పుడల్లా ఇంకో చప్పుడు వినిపించేది. లైల్ ఈల వేస్తున్నాడు. మా పెళ్ళయిన కొత్తలో వేసేవాడు. తర్వాత ఎప్పుడు మానేశాడో నేను గమనించలేదు. ఆ ఈల మళ్ళీ పక్కింట్లో వినిపించేసరికి నేను ఒక గిన్నె పుచ్చుకుని తోమడం మొదలుపెట్టాను.

"అమ్మా, గిన్నె తోముతున్నావా, గిన్నెకి చిల్లు పెడుతున్నావా?" అంది మారిట్ వెనకనుంచి.

"నీ పని నువ్వు చూసుకో."

"నాన్న కాలవేగా కోస్తున్నాడు. గుండె కొయ్యట్లేదుగా."

"నోరు ముయ్యి," అన్నాను. పిల్ల నవ్వుకుంటూ పోయింది. పద్దెనిమిదేళ్ళ పిల్లకి అన్నీ నవ్వులాటే.

ఆ సాయంత్రం లైల్ చేతిలో ఒక పళ్ళెం. రూబార్బ్ కేకు. పెరట్లో పెరిగే ఆ ఎర్రటి పుల్లటి కాడలతో మా దగ్గర అందరూ చేస్తారు, నేనూ చేస్తాను. పళ్ళెం అడుగున తెల్ల టేపు మీద నీలం సిరాతో 'సోల్వీగ్' అని గుండ్రటి అక్షరాలు. లైల్ నిలబడే రెండు ముక్కలు తిన్నాడు.

"బాగుందా?" అన్నాను.

"బాగానే ఉంది."

"నేను చేసినదానికంటేనా?"

అతను నమిలిన ముక్క మింగడానికి చాలాసేపు పట్టింది. "వేరే రకం," అన్నాడు.

ఇక్కడ మా తద్దినం ఒకటుంది. ఎవరి పళ్ళెమైనా ఇంటికొస్తే దాన్ని ఖాళీగా తిరిగివ్వకూడదు. అంటే నా మొగుణ్ణి ఆమె పనికి పంపి, ఆమె చేసిన కేకు అతనికి తినిపించి, పైగా ఆమె పళ్ళెంలో నేనే ఇంకో కేకు చేసి పంపాలి. పంపాను. వెన్న రెండింతలు వేసి పంపాను. మళ్ళీ శనివారం ఆ పళ్ళెం మళ్ళీ వచ్చింది, నిండుగా.

ఆమె గ్యారేజీ ముందు కాలవ ఒక్క రోజు పని. రోడ్లు పోసేవాడి పెళ్ళాన్ని, ఆమాత్రం నాకు తెలుసు. కానీ లైల్ మే నెలంతా ఆమె వాకిట్లోనే ఉన్నాడు. కాలవ వేశాడు, జాలీ పెట్టాడు, నీళ్ళు చక్కగా పక్క కాలవలోకి పోతున్నాయి. అయినా మళ్ళీ శనివారం రంపం రొద. ఈసారి ఆమె వాకిలి చివర, వీధి దగ్గర, పెద్ద పెద్ద సిమెంటు పలకలు కోస్తున్నాడు. తర్వాతి వారం మళ్ళీ. భోజనాల దగ్గర అడిగేశాను.

"ఇవాళ కూడా కోశావా?"

"కోశాను."

"పోయిన వారం కోసింది ఏమైంది?"

"సరిగా రాలేదు. ముక్క విరిగింది."

"ఎలాగూ తీసి పారేసే సిమెంటు ముక్క విరిగితే ఏం, విరక్కపోతే ఏం?"

అతను కంచం వంక చూశాడు. "విరక్కుండా వస్తే బాగుంటుంది," అన్నాడు.

పని సాగదీసుకోవడానికి ఇంతకంటే మంచి సాకు ఉండదు. ముక్క విరుగుతూనే ఉంటుంది, ఈయన వెళ్తూనే ఉంటాడు, కేకు వస్తూనే ఉంటుంది. ఆ రోజు నుంచి నేను ఆమెని చూస్తే పలకరించడం తగ్గించాను. ఆమె మాత్రం కంచె మీదనుంచి చెయ్యి ఊపుతూనే ఉండేది, బస్సులో పిల్లలకి ఊపినట్టు. నాకు ఆ చెయ్యి విరిచెయ్యాలనిపించేది. అనిపించిందని చెప్పడానికి నాకు సిగ్గేం లేదు.

విందు వారం వచ్చింది. బుధవారం రాత్రి టీవీలో వాతావరణం చెప్పేవాడు శనివారం నాడు పెద్ద వాన అని, అదేదో పెళ్ళి కబురు చెప్పినట్టు నవ్వుతూ చెప్పాడు. నేను లైల్ వంక చూశాను. లైల్ గొంతు సవరించుకున్నాడు.

"అవసరమైతే సోల్వీగ్ గ్యారేజీలో పెట్టుకోవచ్చు. ఆమె సరేనంది."

నేను ఫోర్కు కింద పెట్టాను. "సరేనందా? అంటే నువ్వు ఆమెని ముందే అడిగావన్నమాట."

"అవసరమైతేనే అన్నాను. శుక్రవారం నేను సెలవు పెట్టాను..."

"ఎందుకు? ఆమె గోడలకి రంగులు వెయ్యడానికా?"

"సరే మరి," అని లేచి వెళ్ళిపోయాడు. మారిట్ బఠాణీలు ఏరుకుంటూ కూచుంది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నా కూతురి విందు, నా బన్నులు, నా చుట్టాలు, అందరూ వెళ్ళి ఆమె గ్యారేజీలో, నా మొగుడు పొడి చేసిన నేల మీద నిలబడాలి. ఆదివారం చర్చి మెట్ల మీద ఏమనుకుంటారో నేను పదాలతో సహా చెప్పగలను. అలా జరగనివ్వనని ఆ రాత్రే నిశ్చయించుకున్నాను. నాకెవరి మహిమా అక్కర్లేదు.

గురువారం పొద్దున్న నేనూ మారిట్ ఫొటోలు అట్టకి అంటించే పనిలో ఉన్నాం. మొదటి స్నానం, మొదటి పన్ను, స్కూలు బ్యాండులో బాకా. ఫొటోలు తీసింది నేను కాబట్టి ఒక్కదాంట్లోనూ నేను లేను. మధ్యలో ఒకటి చేతికొచ్చింది. లైల్ మోకాళ్ళ మీద కూచుని, పాకే మారిట్ చేతిని తడి సిమెంటులో అదిమి పట్టుకున్నాడు. పిల్ల నోరంతా తెరిచి ఏడుస్తోంది. వెనకాల బూడిదరంగు తప్ప ఇంకేం లేదు.

"ఇదెక్కడమ్మా?"

"వెనక తలుపు మెట్టు దగ్గరనుకుంటా."

"నేనెప్పుడూ చూళ్ళేదే."

"గడ్డి పెరిగిపోయి ఉంటుంది," అన్నాను. నా మనసు అక్కడ లేదు, అంగట్లో ఉంది. ఆ ఫొటో అట్ట మధ్యలో అంటించేసి కారు తాళాలు తీసుకున్నాను.

పనిముట్ల అంగట్లో కుర్రాడికి సంగతి చెప్పాను. గ్యారేజీ తలుపు కింద నేలకి అంటించే రబ్బరు పట్టీ ఉంటుంది, సన్నటి గట్టులా ఉబ్బెత్తుగా. తలుపు దాని మీద కూచుంటే నీళ్ళు దాటలేవు. అదీ, దాన్ని అంటించే జిగురూ, త్వరగా గట్టిపడే సిమెంటు డబ్బా ఒకటీ ముందు పెట్టాడు.

"సిమెంటు ఎందుకు?"

"నేలలో గుంటలుంటే ముందు పూడ్చాలండీ, లేకపోతే పట్టీ కిందనుంచి నీళ్ళొచ్చేస్తాయి. పూడ్చే ముందు గుంటలు బాగా కడిగి, ఆరనివ్వండి. మురికి మీద సిమెంటు అతకదు."

"తెలుసు," అన్నాను. రోడ్లు పోసేవాడి పెళ్ళానికి పాఠాలు చెబుతున్నాడు.

మధ్యాహ్నం మారిట్ స్నేహితురాళ్ళ దగ్గరికి వెళ్ళింది, లైల్ ఆఫీసులో ఉన్నాడు. కారు వీధిలో పెట్టి, ఇసుక పీపాని పట్టుకుని ఊపాను. వేసవి కాబట్టి అడుగున కొంచెమే మిగిలి ఉంది. అది అక్కడ పెట్టిన దగ్గర్నుంచీ ఎవరూ కదిలించినట్టు లేదు. అడుగు నేలకి కరుచుకుపోయింది. ఒళ్ళంతా బలం పెట్టి దొర్లించేసరికి ఊడొచ్చింది. కింద నల్లటి వలయం. ఏళ్ళ తరబడి కారిన ఇసుకా ఉప్పూ నాచూ కలిసి గట్టిపడ్డ పొర. ఆ పొరలో రెండు గుంటలు, ఒకటి చిన్నది, ఒకటి పెద్దది. వంకర టింకరగా, సగం నిండి ఉన్నాయి.

ఇదిగో, నీళ్ళొచ్చే దారి ఇదే, అనుకున్నాను. ఇంతకాలం ఈ గుంటల్ని పూడ్చకుండా వాటి మీద పీపా పెట్టి తప్పించుకున్నాడు. పక్కింటి వాకిలి కొయ్యడానికి శనివారాలున్నాయి, ఇక్కడ గుప్పెడు సిమెంటు పెట్టడానికి లేవు.

కడగాలి, నిజమే. గొట్టం పెరటి వైపు ఉంది. సాయంత్రం అయిపోతోంది, లైల్ వచ్చే లోపు అయిపోవాలి. పైన ఉన్న పెళ్ళలు చెప్పుతో తోసేసి, సిమెంటు కలిపి, తాపీతో రెండు గుంటల్లోనూ కుక్కి, పైన నున్నగా పామాను. అది అరగంటలో రాయి అయింది. దాని మీదా, తలుపు పొడుగునా జిగురు పూసి రబ్బరు పట్టీ అంటించాను. తలుపు దించాను. పట్టీ మీద మెత్తగా కూచుంది. కూచుని సందులోంచి చూశాను. వెలుతురు చుక్క కూడా రాలేదు. నేను ఆ మూల నిలబడి, ఎవరూ లేకపోయినా, నడుం మీద చేతులేసుకున్నాను.

ఆ సాయంత్రం లైల్ గ్యారేజీ వైపు రాలేదు. వస్తూనే పక్కింటికి వెళ్ళాడు. ఎప్పుడొచ్చి పడుకున్నాడో నేను అడగలేదు. వెళ్ళనీ, అనుకున్నాను. రేపు చూపిస్తాను.

శుక్రవారం పొద్దున్న కాఫీ పూర్తి కాకుండానే చక్రాల చప్పుడు. కిటికీలోంచి చూస్తే లైల్ ఆ రంపాన్ని తోసుకుంటూ మా వాకిట్లోకి వస్తున్నాడు. వెనక సోల్వీగ్, భుజం మీద రెండు పలుగులు, చంకలో పళ్ళెం. ఇద్దరూ కలిసి మా ఇంటికి! నాకు ఒళ్ళు మండింది, లోలోపల పండగలా కూడా అనిపించింది. గ్యారేజీలోకి వెళ్ళి మీట నొక్కాను. తలుపు నెమ్మదిగా పైకి లేచింది. నేను చేతులు కట్టుకుని, నా పట్టీ వెనక నిలబడ్డాను.

"మోసుకొచ్చిన కష్టమంతా వృథా," అన్నాను. "పనైపోయింది."

లైల్ ముందు పట్టీని చూశాడు. తర్వాత ఖాళీగా ఉన్న మూలని చూశాడు.

"పీపా ఏది?"

"వెనక్కి దొర్లించాను."

"ఇక్కడ గుంటలుండాలి."

"ఉన్నాయి. పూడ్చేశాను. నువ్వు ఇన్నేళ్ళూ పూడ్చని గుంటలు నేను ఒక్క పూటలో పూడ్చేశాను."

లైల్ వంగి పట్టీ అంచు తడిమాడు. చాలాసేపు తడిమాడు. "సమంగా వేశావు," అన్నాడు. "సరే మరి."

అతని గొంతు వినగానే నాకు ఏదో తేడాగా అనిపించింది. సోల్వీగ్ పలుగులు కింద పడేసింది.

"లైల్," అంది, ఎప్పుడూ వినని చిన్న గొంతుతో. "మరి చేతులో?"

"ఏం చేతులు?" అన్నాను.

ఆమె నా వంక చూసింది, చూసి లైల్ వంక చూసింది, చెప్పమంటావా అన్నట్టు. అదీ నాకు నచ్చలేదు.

"ఏం చేతులో చెప్పండి."

"చేతి అచ్చులు," అంది సోల్వీగ్. "పాప పాకేటప్పుడు సిమెంటులో వేసినవి. కాలవ కొయ్యాలంటే సరిగ్గా వాటి మీదనుంచే కొయ్యాలట. అందుకే ఇన్నేళ్ళూ కొయ్యలేదట. ఆ పలక విరక్కుండా లేపడం నేర్చుకోవాలని నా వాకిలి కోసుకున్నాడు. నేనే కోసుకోమన్నాను. నాలుగు పలకలు విరిగాయి. పోయిన వారం కోసింది విరక్కుండా వచ్చింది. ఇవాళ నీ కళ్ళ ముందు కోసి, మారిట్‌కి ఇద్దామని..."

నాకు ఆ మాటలు ఒక్కొక్కటీ వేరువేరుగా వినిపించాయి. అట్ట మధ్యలో నేనే అంటించిన ఫొటో కళ్ళ ముందుకొచ్చింది. వెనక బూడిదరంగు. వెనక తలుపు మెట్టు కాదు. నా కూతురి పాపాయి చేతిని నేనే, తాపీతో, నున్నగా పామి పూడ్చాను. పామి నడుం మీద చేతులేసుకున్నాను.

కూలబడి పట్టీ అంచు పట్టుకుని గుంజాను.

"ఆగు, ఆర్డిస్. గోళ్ళు పోతాయి," అన్నాడు లైల్. పలుగు మొన పట్టీ కిందికి దూర్చి కొంచెం కొంచెంగా ఎత్తాడు. జిగురు చప్పుడు చేస్తూ సాగింది. మూల దగ్గరికొచ్చేసరికి టక్‌మని ఒక చప్పుడు. పట్టీతో పాటు దానికి అంటుకుని రెండు సిమెంటు ముద్దలు పైకి లేచాయి. వాటి కింద నల్లటి బురద అలాగే మెరుస్తోంది.

లైల్ ఆ ముద్దల్ని చూసి, నన్ను చూశాడు. "పొయ్యకముందు గుంటలు కడిగావా?"

వంటింటి నేలని రోజూ మోకాళ్ళ మీద కూచుని తుడిచే మనిషిని నేను. ఆ మాట ఆ ఆడదాని ముందు ఒప్పుకోవడం కంటే చావు నయం.

"కడగలేదు," అన్నాను.

"కొంచెం కూడా?"

"కడగలేదని చెప్పానుగా."

లైల్ నవ్వాడు. చెత్త పని చూసి అంత సంతోషపడిన మేస్త్రీని నేను ఇంతవరకూ చూడలేదు. గొట్టం లాక్కొచ్చి, పాత బ్రష్షు పుచ్చుకుని ఆ మూల కూచున్నాడు. నల్లటి నీళ్ళు పోయాయి, బూడిదరంగు నీళ్ళు పోయాయి, తర్వాత తేట నీళ్ళు. ముందు చిన్న చెయ్యి బయటపడింది. ఐదు వేళ్ళూ బార్లా చాపి, ఏడుపు తెలిసేంత గట్టిగా అదిమిన చెయ్యి. దాని పక్కనే పెద్ద చెయ్యి. సన్నటి వేళ్ళు. ఉంగరం వేలి మొదట్లో అడ్డంగా ఒక గాడి.

అది లైల్ చెయ్యి కాదు. లైల్ చెయ్యి పారలా ఉంటుంది.

"ఇది ఎవరిది?" అన్నాను. ఆ క్షణంలో కూడా నా మనసు మొదట పక్కకే తిరిగి సోల్వీగ్ వేళ్ళ వంక చూసింది. ఈర్ష్య అంత గుడ్డిది. ఆ సిమెంటు పోసేనాటికి ఆమె ఈ ఊళ్ళోనే లేదు.

"నీదే," అన్నాడు లైల్.

"నేనెప్పుడు పెట్టాను?"

"ఫొటో తీశాక. కెమెరా నా చేతికిచ్చి, 'ఫొటోల్లో ఎలాగూ ఉండను, ఇక్కడైనా ఉంటాను' అన్నావు. చెయ్యి పెట్టేశావు. నేను ఫొటో తియ్యడం మర్చిపోయాను." బ్రష్షుతో గాడిలో మిగిలిన ఇసుక రేణువు తీశాడు. "కారు చక్రం ఎక్కకుండా పీపా పెట్టాను."

వసంతమంతా ఏ ఆడది నా మొగుణ్ణి లాగేసుకుందా అని కుళ్ళి కుళ్ళి చచ్చాను. పక్కింటి నవ్వు విన్నప్పుడల్లా గిన్నెలు అరిగేలా తోమాను. అతను ఐదు పలకలు కోసింది, నాలుగు విరగ్గొట్టింది, ఆ చేతి కోసం.

"నాకెందుకు చెప్పలేదు?"

"విరిగిపోతే?" అన్నాడు. "నీకు చెప్పి విరగ్గొడితే ఈ జన్మకి వదలవుగా."

"ఆమెకి చెప్పావు."

"ఆమె వాకిలి కోశాను కదా. ఎందుకో చెప్పాలిగా."

ఆ జవాబులో తప్పు పట్టడానికేం లేదు. అయినా ఆ మాట నాకు ముల్లులాగే దిగింది, ఇప్పటికీ తియ్యలేదు. నా చెయ్యి ఎక్కడుందో నాకంటే ముందు ఆమెకి తెలుసు. కేకు క్షమిస్తాను, ఈల కూడా క్షమిస్తాను. ఇది మాత్రం వీలు చూసుకుని క్షమిస్తాను.

రంపం మొదలైంది. సోల్వీగ్ రంపం పళ్ళ మీద గొట్టంతో నీళ్ళు పోసింది, నేను ఆమె పక్కనే పలుగు పుచ్చుకుని నిలబడ్డాను. నాలుగు వైపులా కోత పూర్తయ్యాక లైల్ "ఇప్పుడు ఇద్దరూ కలిసి, నెమ్మదిగా" అన్నాడు. ఆమె ఒక వైపు, నేను ఒక వైపు పలుగులు దూర్చాం. ఆమె భుజం నా భుజానికి తగిలింది.

"నువ్వు ముందు ఎత్తకు," అన్నాను. "నాతో పాటు ఎత్తు."

"చిత్తం," అంది సోల్వీగ్. నవ్వలేదు.

పలక విరక్కుండా పైకొచ్చింది. ఒక్క అంచు కూడా చిట్లలేదు. లైల్ దాన్ని చెక్క బండి మీద పెట్టి, తుండుగుడ్డతో తుడిచాడు. అప్పుడు ఈల వేశాడు, మా గ్యారేజీలో. నేను ఇటు తిరిగి నిలబడ్డాను, మొహం కనపడకుండా.

కాలవ పూర్తిగా వెయ్యడానికి టైము చాలలేదు. సాయంత్రం దాకా తలుపు పొడుగునా గాడి తవ్వి, పక్క గడ్డిలోకి దారి ఇచ్చి, మీద చెక్కలు పరిచారు. శనివారం టీవీవాడు చెప్పినట్టే వాన పడింది. నీళ్ళు జారుకుంటూ వచ్చాయి, గాడిలో పడ్డాయి, పక్కకి మళ్ళి గడ్డిలోకి పోయాయి. చుట్టాలు చెక్కల మీద అడుగేసి లోపలికొచ్చారు. నేల పొడిగా ఉంది. బల్ల చివర, ఫొటోల అట్ట పక్కన, ఆ పలకని పెట్టాం. వచ్చినవాళ్ళందరూ బన్ను ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేతి వేలితో ఆ గుంటలు తడిమారు. బల్ల మీద రెండు రూబార్బ్ కేకులు ఉన్నాయి, నాదీ ఆమెదీ. ఆమె పళ్ళెం ముందు ఖాళీ అయింది. నేను చూశాను. మూడు ముక్కల ముందు.

అందరూ వెళ్ళాక మారిట్ పలకని కావలించుకుంది. "ఇది నాది. నా విందుకి నాన్న ఇచ్చిన కానుక."

"సగం నాది," అన్నాను.

"నీకు నువ్వు చేసిన ముద్దలున్నాయిగా."

"ఆ ముద్దలు నువ్వు తీసుకో. పలక ఇక్కడే ఉంటుంది."

"చెరిసగం కొయ్యనా?" అన్నాడు లైల్. "రంపం ఇంకా ఇచ్చెయ్యలేదు."

ఇద్దరం ఒక్కసారే వద్దన్నాం.

మారిట్ లోపలికి వెళ్ళాక నేను చెయ్యి తుడుచుకుని, ఆ పెద్ద గుంటలో పెట్టి చూశాను. వేళ్ళు పట్టలేదు, పైనే ఆగిపోయాయి. ఉంగరం మాత్రం గాడిలో కూచుంది. లైల్ పక్కన నిలబడి చూస్తున్నాడు. అతని చేతిలో నా కెమెరా ఉంది.

"అటు తిరగకు," అన్నాడు. "ఈసారి మర్చిపోను."

పక్కింట్లోంచి సోల్వీగ్ నవ్వు వినిపించింది. లైల్ తల తిప్పలేదు. నేను తిప్పాను. ఫొటోలో నా మొహం సగమే పడింది, చెయ్యి మాత్రం పూర్తిగా వచ్చింది.